కొట్టి వినే విద్య

మడగాస్కర్ దీవిలో అయ్-అయ్ అనే లెమూర్ ఉంది. మనుషులూ కోతులూ చేరిన ప్రైమేట్ల వంశంలో, రాత్రిపూట తిరిగేవాటిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. నల్లటి బిరుసు బొచ్చు, ముఖానికి మించిన చెవులు, ఉడుతకు లాగా జీవితాంతం పెరుగుతూనే ఉండే ముందుపళ్లు. చేతి నడిమి వేలు మాత్రం ఎముకకు తోలు చుట్టినంత సన్నం. ఆ వేలితో అది చెట్టుకొమ్మను టకటకా కొడుతుంది, సెకనుకు ఏడెనిమిది దెబ్బల దాకా. కొడుతూ చెవులను ముందుకు వంచి కొమ్మకు దగ్గరగా పెడుతుంది. లోపల పురుగు తొలిచిన సొరంగం ఉంటే చప్పుడు మారుతుంది. మారిన చోట పళ్లతో కొరికి, కన్నం పెట్టి, అదే వేలిని దూర్చి పురుగును లాక్కుంటుంది. మడగాస్కర్‌లో వడ్రంగిపిట్టలు లేవు. ఆ కొలువు దీనికి దక్కింది.

పురుగు వాసన పట్టి పోతోందా, దాని కదలిక వింటోందా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో కార్ల్ ఎరిక్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1990ల్లో కొయ్యదుంగల్లో తానే బోలు గదులు తొలిపించి పరీక్షించాడు. పురుగే లేని ఖాళీ గదిని కూడా అయ్-అయ్ పట్టేసింది. అది వెతికేది పురుగును కాదు, డొల్లను. ఆ విశ్వవిద్యాలయం వాళ్ల లెమూర్ కేంద్రం 1966 నుంచి నడుస్తోంది. అక్కడికి దగ్గర్లోని కారీ, మోరిస్‌విల్ పట్టణాల్లో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. ఆ పిల్లల్లో తాత సింగరేణి బొగ్గు గనుల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, అయ్-అయ్ ముందు నిలబడి తాతకు ఒకసారి ఫోన్ చేస్తే బాగుంటుంది. ఆయనకు అందులో వింత ఏమీ కనిపించదు.

ఎందుకంటే బొగ్గుబాయిలో పైకప్పును పరీక్షించే మొదటి పద్ధతి అదే. షిఫ్టు మొదలవకముందు మైనింగ్ సర్దార్ పని జాగాకు పోయి, చేతిలోని కర్రతోనో ఇనుప కడ్డీతోనో పైకప్పును కొట్టి చూస్తాడు. రెండో అరచేతిని రాయికి ఆనించి పెడతాడు. గట్టి పొర అయితే మోత ఖణేల్‌మని వస్తుంది, చేతికి అదురు తగలదు. లోపల పొర విడిపోయి ఉంటే మోత మొద్దుబారి డొల్లగా పలుకుతుంది, అరచేతిలో చిన్న వణుకు తెలుస్తుంది. అప్పుడు ఆ వదులు రాయిని కిందికి దించాలి, లేకుంటే సపోర్టు పెట్టాలి. అది అయ్యేదాకా మనిషిని ఆ జాగాలోకి పంపకూడదు. కర్ర సపోర్టుల కాలంలో ఇంకో గురుతు ఉండేది. బరువు దిగుతుంటే కర్ర ముందు కిర్రుమనేది, తర్వాత చిట్లేది. పాత టింబర్‌మన్‌లు ఆ రెంటికీ మధ్య ఉన్న వ్యవధిలో పరుగెత్తి బతికినవాళ్లే. ఇనుప సపోర్టులు, పైకప్పులోకి దించే బోల్టులు వచ్చాక బలం పెరిగింది. కానీ ఇనుము కర్ర అంత మాటకారి కాదు.

క్యాప్‌లాంపు వెలుగు పడ్డంత మేరే కన్ను పనిచేసే చోట మనిషి చెవినే నమ్ముకోవాల్సి వచ్చింది. నమ్మిన చెవి ప్రతిసారీ కాపాడిందనీ చెప్పలేం. 2003 అక్టోబరులో గోదావరిఖని 8ఏ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి 10 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు పోయారు. ఇవన్నీ చెవితో తేలే విషయాలు కావు; నేల లోపలి ఒత్తిళ్లకు లెక్కలు, పరికరాలు, వాటిని మన్నించే యాజమాన్యం కావాలి. అయినా పరికరం చూపించే అంకె ఒకటి, కొట్టి విన్న మనిషి ముఖం ఒకటి. రెండూ ఉన్న గని మేలు. ఇక్కడే ఒక చిక్కుంది. బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం నడుస్తుండగా పైకప్పు ఏం పలికినా వినపడదు. వినాలంటే యంత్రాన్ని ఆపాలి. ఆపిన నిమిషాలు ఉత్పత్తి లెక్కలో నష్టం కిందే పడతాయి. ఆపమనే హక్కు సర్దార్‌కు చట్టంలో ఉంది. ఆపిన రోజు పైఅధికారి ఏమంటాడన్నది చట్టంలో లేదు.

బొగ్గుబాయికీ మడగాస్కర్‌కూ ముడి పెట్టడం సంపాదకీయపు అతి అనిపించవచ్చు. ఆ ముడి మనం వేసింది కాదు, 25 కోట్ల ఏళ్లకు పైబడినది. గోదావరి లోయలో ఇవాళ తవ్వుతున్న బొగ్గు పెర్మియన్ కాలపు చిత్తడి అడవులది. గ్లోసాప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు ఆ కాలపు పొరల్లో దొరుకుతాయి. అప్పటికి భారతదేశం, మడగాస్కర్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అన్నీ ఒకే నేల. మన గోండుల పేరు మీదుగానే ఆ మహాఖండానికి గోండ్వానా అని పేరు స్థిరపడింది. మడగాస్కర్ నైరుతి మూలన సకోవా అనే చోట అదే కాలపు బొగ్గు పొరలున్నాయి. తోకకు నలుపు తెలుపు పట్టీలుండే లెమూర్లు బతికేది కూడా ఆ దీవి దక్షిణ, నైరుతి అడవుల్లోనే.

1864లో ఫిలిప్ స్క్లేటర్ అనే ఆంగ్లేయ జంతుశాస్త్రజ్ఞుడు ఒక చిక్కుప్రశ్న వేసుకున్నాడు. లెమూర్లేమో మడగాస్కర్‌లో, వాటి దగ్గరి చుట్టాలైన లోరిస్‌లేమో దక్షిణ భారతంలోనూ సింహళంలోనూ; మధ్యలో ఇంత సముద్రం ఏమిటి? ఒక ఖండం మునిగిపోయి ఉండాలని ఊహించి దానికి లెమూరియా అని పేరు పెట్టాడు. మునిగిన ఖండం ఏదీ లేదని, నేలలే జరిగిపోయాయని తర్వాత తేలింది. భారతదేశం, మడగాస్కర్ విడిపోయి సుమారు 8.8 కోట్ల ఏళ్లయింది. లెమూర్ల పూర్వీకులు ఆ తర్వాత ఎప్పుడో ఆఫ్రికా నుంచి, గాలివానకు కొట్టుకొచ్చిన చెట్ల మీద తేలుతూ దీవికి చేరాయని ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రజ్ఞుల మాట. స్క్లేటర్ ఊహ మాత్రం ఊరుకోలేదు. తమిళనాట కుమరి ఖండమై కావ్యగౌరవం పొందింది. అది వేరే కథ.

లెమూర్లకు చుట్టాలైన ఆ లోరిస్‌లలో ఒకటి మన దగ్గరే ఉంది. దేవాంగ పిల్లి. శేషాచలం కొండల్లోనూ చిత్తూరు వైపు పొదల్లోనూ రాత్రిపూట కొమ్మల మీద ఒక్కో కాలే ఎత్తి పెడుతూ పాకే, పావుకిలో అటూఇటూ బరువుండే ప్రాణి. పెద్ద కళ్లు చూసి జనం భయపడ్డారు, మంత్రగాళ్లు సొమ్ము చేసుకున్నారు. వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో దీన్ని చేర్చినా పట్టుకుపోయేవాళ్లు పోతూనే ఉన్నారు. మడగాస్కర్‌లో అయ్-అయ్‌కి పట్టిన గతీ ఇదే. కొన్ని పల్లెల్లో అది కనపడితే చావు శకునమని చంపేస్తారు. చీకట్లో బాగా వినే జంతువులంటే మనిషికి ఎందుకో మొదటినుంచీ అనుమానం. దేవాంగ పిల్లి ఒంటరిగానే పురుగుల వేటకు పోతుంది. పగలు మాత్రం నలుగురితో కలిసి ముద్దగా నిద్రపోతుంది. మునిమాపు విడిపోయేటప్పుడూ తెల్లవారుజామున తిరిగి చేరేటప్పుడూ సన్నటి ఈలలు వేస్తుంది. ఎవరు ఎక్కడున్నారో ఆ ఈలలతోనే తెలియాలి. రాత్రి షిఫ్టు కార్మికుల ఇల్లాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

లెమూర్ల గొంతుల గురించి కొంచెం నిలిచి చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ శాస్త్రం గత 40 ఏళ్లలో చాలా దూరం నడిచింది. పట్టీల తోక లెమూర్ గద్ద కనపడితే ఒక రకంగా అరుస్తుంది, నేల మీద వచ్చే శత్రువును చూస్తే ఇంకో రకంగా. మొదటి అరుపుకు గుంపంతా గుబురులోకి దూకుతుంది. రెండో అరుపుకు చెట్లెక్కి పైనుంచి తిడుతుంది. పొరపాటు పడితే ప్రాణం పోయే చోట రెండు కేకలు ఒకేలా ఉండకూడదని వాటికి తెలిసింది. సిఫాకా అనే తెల్ల లెమూర్ జాతి వేసే హెచ్చరిక కేక పట్టీల తోక లెమూర్‌కూ అర్థమవుతుంది, పొరుగుభాష వచ్చినట్టే. ఇంద్రి అనే పెద్ద లెమూర్ కుటుంబంతో కలిసి పొద్దున్నే పాడుతుంది, ఆ పాట రెండు కిలోమీటర్లకు మించి వినపడుతుంది. 2021లో ఆ పాటల కొలతలు తీసినవాళ్లు, సంగీతంలో మనం వాడే తాళపు నిష్పత్తులు, అంటే సమానపు విరామాలూ ఒకటికి రెండింతల విరామాలూ, అందులో ఉన్నాయని చూపించారు. మనిషి కాని క్షీరదాల్లో ఇది మొదటిసారి కనపడింది. ఇంద్రిని జూలో పెడితే బతకదు. ఆ పాట వినాలంటే దాని దగ్గరికే పోవాలి. ఇక పిడికిట్లో పట్టే మౌస్ లెమూర్‌ది మరో తెలివి. గుడ్లగూబ చెవికి అందనంత సన్నటి స్థాయిలో మాట్లాడుకుంటుంది. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దగ్గర తలుపు మూసుకుంటుంది. లెమూర్లూ లోరిస్‌లూ 40 వేలు, 50 వేలు దాటి కూడా వింటాయి.

2015లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన మాట ఒకటి మరీ మనసుకు పట్టేది. పట్టీల తోక లెమూర్లు ఒకదాని బొచ్చు ఒకటి దువ్వుకుంటాయి. అదే వాటి స్నేహం. మేతకు విడిపోయి దూరమైనప్పుడు గుంపులో ఎవరు పిలిచినా అన్నీ బదులు పలకవట. ఎవరితో ఎక్కువగా దువ్వించుకుంటాయో వాళ్ల పిలుపుకే ఎక్కువగా పలుకుతాయి. చెయ్యి అందని దూరంలో గొంతు ఆ పని చేస్తుందన్నమాట. దానికి మూడేళ్లు ముందు, 2012లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఇంకో పరిశోధన వచ్చింది. 11 జాతుల లెమూర్లు, లోరిస్‌ల వినికిడిని కొలిచారు. మన దగ్గర పసిపిల్లలకు చేసే బెరా పరీక్షే, తలకు తీగలు పెట్టి చేసేది. గుంపు పెద్దదైన జాతులకే చెవి ఎక్కువ సున్నితంగా ఉన్నట్టు తేలింది. చెవి పదును శత్రువు కోసమే అనుకుంటాం. నలుగురితో బతకాల్సి రావడం కూడా దానికి సాన పడుతుందన్నమాట.

మన బొగ్గుసీమకు లెమూర్లు లేవు, కొండెంగలున్నాయి. రామగుండం నుంచి గోదావరి దాటి మంచిర్యాల వైపు పోతే 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల అడవి తగులుతుంది. చెట్టు మీది కొండెంగ దగ్గులాంటి కేక వేసిందంటే చుక్కల జింకలు తలెత్తుతాయి. అడవి కాపలాదారూ ఆగుతాడు. ఊళ్లల్లో కోతుల బెడద పెరిగాక అదే కొండెంగ గొంతును మనం అరువు తెచ్చుకున్నాం. చేలల్లో దాని అరుపును రికార్డు చేసి మైకులో మోగిస్తున్నారు. ఢిల్లీలో అయితే ఆ అరుపు అరిచే మనుషులకు జీతమిచ్చి పెట్టుకున్నారు. కొన్నాళ్లు కోతులు బెదురుతాయి. అరుపు వస్తుంది గానీ కొండెంగ రాదని తెలిశాక వచ్చి మైకు పక్కనే కంకులు తింటాయి. గొంతు వెనక ఒంటి బరువు లేకపోతే ఎంత గట్టిగా మోగినా పని జరగదని కోతికి తెలుసు. ఎన్నికల సభల్లో మనకు ఆలస్యంగా తెలుస్తుంది.

      

లెమూర్ల లాగే బొగ్గుసీమ కూడా చెవి మీద నిలబడ్డ సీమే. షిఫ్టు సైరన్ మోగితే గడియారం లేని ఇంట్లోనూ పొయ్యి వెలిగేది. వేళ కాని వేళ మోగితే క్వార్టర్ల ముందు ఆడవాళ్లు గుంపు కట్టేవాళ్లు. ఏ బాయి, ఎవరి షిఫ్టు అన్న రెండే ప్రశ్నలు. బాయి లోపల హాలర్ తాడు మీద టబ్బులు నడవాలన్నా ఆగాలన్నా గంటల సైగలే ఆధారం. కదులుతున్నదాన్ని ఆపడానికి ఒక్క గంట చాలు. ఆపమనే మాట అన్నిటికన్నా చిన్నదిగా ఉండాలని ఆ నియమం రాసినవాళ్లకు తెలుసు, లెమూర్‌కు తెలిసినట్టే. లోపల మనుషులు ఒకరినొకరు కేకవేసుకునే తీరు కూడా వేరుగా ఉండేది. చీకట్లో ముఖం కనపడదు కాబట్టి పిలుపుకు పలికిన గొంతే మనిషి. పేర్లు కూడా పొట్టిగా తెగిపోయేవి.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైన నాటి నుంచి, 1960ల్లో గోదావరిఖని బాయిలు తెరుచుకున్న నాటి దాకా ఈ పనిలో చప్పుడు చాలా మటుకు మనిషి ఒంటికి సరిపోయేంతే ఉండేది. అప్పుడప్పుడు పేల్చే మందు తప్ప మిగతావి ఎక్కువగా తట్టా చెమ్మస్ (పార) మోతలే. పాత రోజులే మేలని అనడం కాదు. తట్ట మోసి నడుము విరిగినవాళ్లను, దుమ్ము మింగి ఊపిరి పోయినవాళ్లను చూసిన సీమ ఇది. యంత్రం వచ్చి నడుముకు ఊరట ఇచ్చింది. దానికి బదులుగా చెవిని అడిగింది. మనం గమనించకుండానే ఇచ్చేశాం.

ఇప్పుడు సింగరేణి బొగ్గులో చాలా భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. రామగుండం చుట్టూ పగలూ రాత్రీ షవళ్లు, డోజర్లు, డంపర్లు, డ్రిల్లులు, కన్వేయర్లు, క్రషర్లు. దీనికి తోడు ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం. గనుల భద్రతా డైరెక్టరేట్ 1975లోనే ఒక సర్క్యులర్ ఇచ్చింది. 8 గంటల షిఫ్టులో 85 డెసిబెళ్లు దాటితే హెచ్చరిక, 90 దాటితే ప్రమాదం. చెవిమూతలు ఇవ్వాలి, యంత్రం మోత తగ్గించాలి, కార్మికుడి వినికిడిని పరీక్షించాలి. చప్పుడుతో వచ్చే చెవుడు చట్టంలో వృత్తివ్యాధిగా ఉంది. కాగితం మీద లోటు లేదు. చెవిమూత పెట్టుకున్న మనిషిని వెనక నుంచి డంపర్ హారన్ పిలిస్తే వినపడదని కార్మికుడి భయం. ఆ భయం ఉత్తది కాదు. అందుకే మూతలు చాలా చోట్ల జేబులోనే షిఫ్టు పూర్తి చేస్తాయి.

చెవి లోపలి నత్తగుల్లలో పుట్టుకతో వచ్చే కేశకణాలు సుమారు 15 వేలు. పోయినవి మళ్లీ మొలవవు. చప్పుడు దెబ్బ మొదట 4 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల తగులుతుంది, ఎందుకంటే మన చెవి సొరంగం ఆకారమే ఆ ప్రాంతపు శబ్దాలను పెంచి లోపలికి పంపుతుంది. మనిషి మాటలో అచ్చులు కింది స్థాయిలో ఉంటాయి, బలంగా ఉంటాయి. హల్లులు, ముఖ్యంగా స, శ, త, ప, క లాంటివి పై స్థాయిలో సన్నగా ఉంటాయి. అందువల్ల చెవి దెబ్బతిన్న మనిషికి మొదట చప్పుడు తగ్గదు, మాట చెదురుతుంది. పాలు అంటే కాలు అని వినపడుతుంది, పప్పు అంటే తప్పు అని. ఎవరో ఏదో అంటున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. మగగొంతు కన్నా ఆడగొంతు, ఆడగొంతు కన్నా పసిపిల్ల గొంతు ముందుగా జారిపోతాయి. ఫ్యాను తిరుగుతూ టీవీ మోగుతూ ఉన్న గదిలో ఇంకా కష్టం.

ఇంట్లోవాళ్లు దీన్ని చెవుడనుకోరు. పట్టించుకోవడం లేదనుకుంటారు. ఆయనకేమో వీళ్లందరూ గొణుగుతున్నారనిపిస్తుంది. భార్య ఒకటికి రెండుసార్లు చెప్పి మూడోసారి గట్టిగా అంటుంది. గట్టిగా అన్నది మాత్రమే ఆయనకు వినపడుతుంది, కాబట్టి పొద్దస్తమానం అరుస్తోందనుకుంటాడు. కాలనీల్లో ముసలితనపు తగాదాలని మనం నవ్వి వదిలేసేవాటిలో కొన్నయినా మోత చేసినవే. పెళ్లి పందిట్లో నలుగురు మాట్లాడుకుంటుంటే ఆయన నవ్వు కొంచెం ఆలస్యంగా కలుస్తుంది. తర్వాత పందిళ్లకు పోవడమే మానేస్తాడు. పిలుపుకు పలకని లెమూర్‌ను గుంపు ఏం చేస్తుందో ప్రిన్స్‌టన్ పరిశోధకులు రాయలేదు గానీ, పలకని మనిషిని మనం పిలవడం తగ్గిస్తాం.

కళ్లజోడు పెట్టుకుంటే చదువుకున్నవాడనే కాలం ఒకటి మన ఊళ్లల్లో ఉండేది. చెవి మిషన్‌కు అలాంటి కాలం ఇంకా రాలేదు. పెట్టుకోమంటే ముసలివాణ్ని చేస్తున్నారంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా మార్చి 3న వినికిడి దినం జరుపుతుంది. 2050 నాటికి భూమ్మీద ప్రతి నలుగురిలో ఒకరికి ఎంతో కొంత వినికిడి లోపం ఉంటుందని 2021లో అంచనా కట్టింది. మన సీమలో ఆ రోజున ఏరియా ఆసుపత్రి ముందు ఒక బ్యానర్, ఒక ఫొటో అయితే అవుతాయి. వాటితో పేచీ లేదు. కానీ పర్మినెంట్ కార్మికుడికి ఉన్న పరీక్షలు, ఆసుపత్రి, యూనియన్ అనే మూడూ అంతగా అందని కాంట్రాక్టు డ్రైవర్ చెవిని ఎవరు కొలుస్తున్నారన్న ప్రశ్న బ్యానర్‌లో పట్టదు. అదే క్యాబిన్, అదే మోత. కొలిచే చెవి మాత్రం జీతపు చీటీని బట్టి మారుతోంది. యంత్రం కొనేటప్పుడు టన్నులు అడిగే టెండరు డెసిబెళ్లు కూడా గట్టిగా అడగవచ్చు. ఏసీ క్యాబిన్ అద్దాలు వేసుకుని నడిపే కొత్త డంపర్లలో డ్రైవర్ చెవికి పడే మోత బాగా తగ్గుతుంది. ఏసీ చెడితే ఎండాకాలం రామగుండంలో అద్దం ఎవరూ మూసుకోరు. కాబట్టి ఏసీ మెకానిక్కు కూడా చెవి డాక్టరేనని ఒప్పుకోవాలి.

గనిలో చేరేటప్పుడూ తర్వాత కొన్నేళ్లకోసారీ వైద్య పరీక్ష చట్టం ప్రకారం జరుగుతుంది. దాని ఫలితం ఫారం ఓ అనే కాగితంలో ఎక్కుతుంది. ఫిట్ అని ఉంటే కార్మికుడికి అంతకన్నా అక్కర్లేదు, అన్‌ఫిట్ అని పడుతుందేమోనన్న భయం కొద్దీ పరీక్ష గదిలో వినపడని చప్పుడుకు కూడా బొత్తాం నొక్కేవాళ్లున్నారు. చెవి గీతల పటం ఫైల్లోకి పోతుంది. దాని నకలు ఇంటికి పంపడానికి పెద్ద ఖర్చు కాదు. 4 వేల హెర్ట్జ్ దగ్గర గీత కిందికి వంగితే దాని అర్థం ఏమిటో తెలుగులో రెండు వాక్యాలు రాసి, భోజనం దగ్గర టీవీ ఆపి ఎదురుగా కూచుని మాట్లాడమని మూడో వాక్యం చేర్చి, వెంట వచ్చిన ఇల్లాలి చేతికే ఇస్తే ఇంకా మంచిది. ఆయన చొక్కా జేబులో పెడితే ఉతుకులో పోతుంది.